క్వాడ్‌కు ఎంత, కళకు ఎంత: పురుషుల ఫిగర్ స్కేటింగ్‌లో మార్కుల లెక్క

[తెర మీద: వాంకూవర్, 2010 ఫిబ్రవరి 18. పురుషుల ఫ్రీ స్కేట్.]

నమస్కారం. వాంకూవర్ శీతాకాల ఒలింపిక్స్‌లో పురుషుల ఫిగర్ స్కేటింగ్ బంగారు పతకం 1.31 మార్కుల తేడాతో తేలింది. అమెరికాకు చెందిన ఇవాన్ లైసాచెక్‌కు 257.67, రష్యాకు చెందిన ఎవ్గెనీ ప్లుషెంకోకు 256.36. పోటీలో రెండు భాగాలు: ముందు పొట్టిగా ఉండే షార్ట్ ప్రోగ్రామ్, తర్వాత పొడవైన ఫ్రీ స్కేట్; రెంటి మార్కులూ కలిపితే ఫలితం. ప్లుషెంకో రెంటిలోనూ క్వాడ్ వేశాడు. అంటే గాలిలో నాలుగు చుట్లు తిరిగి ఒంటికాలిమీద దిగే జంప్. లైసాచెక్ ఒక్క క్వాడ్ కూడా ప్రయత్నించలేదు. ప్లుషెంకోకు కోపం ఆగలేదు. క్వాడ్ లేకపోతే అది పురుషుల స్కేటింగ్ కాదు, నాట్యమని విలేకరుల ముందే అనేశాడు.

కళ క్వాడ్‌ను ఓడించిందని ఆ రోజు మొదలైన మాట ఇప్పటికీ వినిపిస్తోంది. క్వాడ్ అభిమానులు ఆ మాటను ఫిర్యాదుగా చెబుతారు, కళాభిమానులు గర్వంగా చెబుతారు. కానీ మార్కుల పట్టిక తీసి చూస్తే ఆ మాట నిలవదు.

[తెర మీద రెండు వరుసలు. కాంపోనెంట్ మార్కులు: లైసాచెక్ 82.80, ప్లుషెంకో 82.80. టెక్నికల్ మార్కులు: లైసాచెక్ 84.57, ప్లుషెంకో 82.71.]

కళకు ఇచ్చేవి కాంపోనెంట్ మార్కులు. ఫ్రీ స్కేట్‌లో అవి ఇద్దరికీ పాయింట్ తర్వాతి అంకెలతో సహా సమానం. లైసాచెక్ ముందుకు వెళ్లింది టెక్నికల్ మార్కుల్లో. తన జంప్‌లను శుభ్రంగా చేశాడు. ప్రోగ్రామ్ రెండో సగంలో చేసే జంప్‌లకు అప్పట్లో పది శాతం అదనంగా వచ్చేది కనుక, ప్లుషెంకో కంటే ఎక్కువ జంప్‌లను ఆ సగంలోకి మార్చుకున్నాడు. అంటే క్వాడ్‌ను ఓడించింది కళ కాదు, మెరుగ్గా చేసిన ట్రిపుల్ జంప్‌లూ, మెరుగ్గా వేసుకున్న లెక్కా.

అందుకే ఈ వీడియోలో క్వాడ్ గొప్పదా, కళ గొప్పదా అనే ప్రశ్న అడగబోవడం లేదు. ఏ తప్పుకు ఎంత కోత పడుతోంది, కళకు వేసే మార్కు నిజంగా కళను చూసి వేస్తున్నారా? తగవంతా ఈ రెంటి దగ్గరే ఉందని నా అభిప్రాయం.

[దృశ్యం: క్వాడ్ లట్జ్, నెమ్మదిగా.]

ముందు ఈ జంప్‌ను దగ్గరగా చూద్దాం. స్కేటర్ ఎడమ కాలి బ్లేడు బయటి అంచు మీద వెనక్కి జారుతూ వస్తున్నాడు. దేహం ఒక పొడవైన వంపులో సాగుతోంది. కుడి కాలిని వెనక్కి చాచి, బ్లేడు ముందున్న పళ్లను మంచులో గుచ్చి పైకి లేస్తాడు. లేచేటప్పుడు, అంతవరకూ వచ్చిన వంపుకు వ్యతిరేక దిశలో తిరగాలి. లట్జ్‌లోని కష్టమంతా ఇదే. ఎగరబోయే ముందు పాదం కాస్త లోపలి అంచుకు ఒరిగితే అది లట్జ్ కాదు, తప్పు అంచు. గాలిలో ఉండేది ఒక సెకను కంటే తక్కువ, అందులోనే నాలుగు చుట్లు పూర్తి కావాలి. తర్వాత కుడి కాలి మీద వెనక్కి జారుతూ దిగాలి.

ఆరు రకాల జంప్‌లలో ఒక్క యాక్సెల్‌కే ముఖం ముందుకు పెట్టి లేస్తారు, కాబట్టి దానికి అర చుట్టు అదనం. క్వాడ్ యాక్సెల్ అంటే నాలుగున్నర చుట్లు. 1988లో బుడాపెస్ట్ ప్రపంచ పోటీల్లో కెనడా ఆటగాడు కర్ట్ బ్రౌనింగ్ మొదటి క్వాడ్ దింపాడు. క్వాడ్ యాక్సెల్‌కు 2022 సెప్టెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. దాన్ని సాధించిన అమెరికా కుర్రాడు ఇలియా మలినిన్‌కు అప్పుడు 17 ఏళ్లు.

[దృశ్యం: న్యాయనిర్ణేతల బల్ల.]

ఇప్పుడు మార్కులు. 2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌లో జంటల పోటీ తీర్పు మీద పెద్ద గొడవ జరిగి, జడ్జీలు 6.0కు మార్కులు వేసే పాత పద్ధతి పోయింది. నేటి పద్ధతిలో టెక్నికల్ ప్యానెల్ వేరు, జడ్జీలు వేరు. స్కేటర్ ఏ జంప్ చేశాడు, చుట్లు పూర్తయ్యాయా అన్నది ప్యానెల్ రీప్లే చూసి తేలుస్తుంది. దిగేటప్పటికి పావు చుట్టుకు మించి కొరవడితే జంప్ మూలవిలువలో, అంటే ఆ జంప్‌కు ముందే నిర్ణయించిన మార్కులో, 80 శాతమే ఇస్తారు. అర చుట్టు గానీ అంతకు మించి గానీ కొరవడితే క్వాడ్‌ను ట్రిపుల్‌గానే లెక్కిస్తారు. పెద్ద పోటీల్లో తొమ్మిది మంది జడ్జీలుంటారు. వాళ్లు ప్రతి జంప్ ఎంత బాగుందో మార్కు వేస్తారు. కాంపోనెంట్ మార్కులు వేసేదీ ఆ తొమ్మిది మందే. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ అవసరపడుతుంది.

[తెర మీద: పడిన క్వాడ్ లట్జ్, మచ్చలేని ట్రిపుల్ లట్జ్. 2018కి ముందు, తర్వాత.]

2018కి ముందు క్వాడ్ లట్జ్ మూలవిలువ 13.6. నాలుగు చుట్లూ తిరిగి, దిగేటప్పుడు కింద పడ్డాడనుకోండి. నాణ్యతకు నాలుగు మార్కుల కోత, పడినందుకు ఇంకొకటి. చేతిలో 8.6 మిగులుతాయి. అదే సమయంలో మరొకరు చూడముచ్చటైన ట్రిపుల్ లట్జ్ చేశాడు, జడ్జీలందరూ దానికి అత్యధిక మార్కు వేశారు. మూలవిలువ 6.0, నాణ్యతకు 2.1, మొత్తం 8.1.

ఈ అంకెలు మొదటిసారి పక్కపక్కన చూసినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది. మంచు మీద చతికిలబడినవాడికి ఎక్కువ, తప్పులేకుండా చేసినవాడికి తక్కువ! దీనికి స్కేటర్లను తప్పుపట్టలేం. వాళ్లు లెక్క తెలిసినవాళ్లు. పడినా లాభమే అయితే ఎవరైనా ఎగురుతారు.

2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్ నాటికి ఆ ధోరణి పతాక స్థాయికి చేరింది. షార్ట్ ప్రోగ్రామ్‌లో 17వ స్థానానికి పడిపోయిన అమెరికా ఆటగాడు నేథన్ చెన్, ఫ్రీ స్కేట్‌లో ఆరు క్వాడ్‌లకు తెగించి, 215.08తో ఆ రోజు అందరికంటే ఎక్కువ తెచ్చుకుని అయిదో స్థానంలో నిలిచాడు. అది సాహసం, కాదనను. ఆ సీజన్ ముగియగానే అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య నిబంధనలు మార్చింది. పురుషుల ఫ్రీ స్కేట్ నాలుగున్నర నిమిషాల నుంచి నాలుగు నిమిషాలకు, జంప్‌ల అవకాశాలు ఎనిమిది నుంచి ఏడుకు తగ్గాయి. క్వాడ్ లట్జ్ 11.5 అయింది. నాణ్యత మార్కు మైనస్ అయిదు నుంచి ప్లస్ అయిదు దాకా విస్తరించింది, ఒక్కో మెట్టు మూలవిలువలో పది శాతం.

పాత లెక్కే మళ్లీ వేద్దాం. పడిన క్వాడ్ లట్జ్‌కు 11.5లో సగం పోగా 5.75, పడినందుకు ఒకటి పోగా 4.75. మచ్చలేని ట్రిపుల్ లట్జ్‌కు 8.85. న్యాయమంటే ఇలా ఉండాలి. ఈ మార్పును నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను.

[దృశ్యం: 2024 మాంట్రియల్ ప్రపంచ పోటీలు, మలినిన్ ఫ్రీ స్కేట్.]

రెండో సమస్య మాత్రం అలాగే ఉంది. ఫ్రీ స్కేట్‌లో కాంపోనెంట్ మార్కులకు ఒక గరిష్ఠం ఉంది, దాదాపు వంద. 2022లో అయిదు అంశాలను కుదించి కూర్పు, ప్రదర్శన, స్కేటింగ్ నైపుణ్యం అనే మూడు చేసినా ఆ వంద మారలేదు. టెక్నికల్ మార్కులకు అలాంటి గరిష్ఠం లేదు. వాంకూవర్‌లో ప్లుషెంకోకు రెండూ దాదాపు సమానం: 82.71, 82.80. మాంట్రియల్‌లో మలినిన్ ఫ్రీ స్కేట్ మొత్తం 227.79. జడ్జీలు కళకు పూర్తి మార్కులు వేశారనుకున్నా, తక్కినవి 127కి పైనే. రెండు పళ్లేలూ సమంగా తూగిన రోజులు పోయాయి. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో క్వాడ్ లేకుండా ఆడిన అమెరికా ఆటగాడు జేసన్ బ్రౌన్‌కు 281.24 వచ్చాయి, ఆరో స్థానం. బంగారు పతకం గెలిచిన చెన్‌కు 332.60. ఎంత బాగా స్కేట్ చేసినా బ్రౌన్‌కు ఆ యాభై మార్కులు పూడ్చుకునే దారే లేదు.

అయితే గరిష్ఠాన్ని పెంచితే చాలదా అంటే, చాలదు. ఆ మార్కు దేన్ని చూసి పడుతోందో ముందు తేలాలి. 2013లో కెనడాలోని లండన్ నగరంలో ప్రపంచ పోటీలు జరిగాయి. సొంత దేశంలో ఆడుతున్న పాట్రిక్ చాన్ ఫ్రీ స్కేట్‌లో రెండుసార్లు పడ్డాడు. కజకిస్థాన్ ఆటగాడు డెనిస్ టెన్ ఆ ఫ్రీ స్కేట్‌లో 174.92 సాధించి చాన్‌ను దాటేశాడు. అయినా షార్ట్ ప్రోగ్రామ్ ఆధిక్యంతో చాన్ 267.78, టెన్ 266.48. చాన్ అంచులు, వేగం అద్భుతం, అందులో సందేహం లేదు. కానీ రెండుసార్లు పడి లేచి పరుగందుకునేసరికి సంగీతం ముందుకు వెళ్లిపోతుంది. ఆ రోజు ప్రదర్శన మార్కు ఆ రోజు చూసినదానికే పడిందా, పేరుకు కూడా కొంత పడిందా అన్న అనుమానం నాకు ఇంకా పోలేదు.

కూచిపూడి తరంగంలో నర్తకి ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి తాళం తప్పకుండా కదులుతుంది. పళ్లెం మీద అంత బాగా నిలబడింది కాబట్టి అభినయమూ బాగున్నట్టే అని ఏ గురువూ అనరు. అది వేరే పరీక్ష, వేరే చూపు. స్కేటింగ్‌లో మాత్రం రెండు చూపులూ ఆ తొమ్మిది మందివే. నాలుగు నిమిషాల్లో ఏడు జంప్ అవకాశాలు, మూడు స్పిన్‌లు, స్టెప్ సీక్వెన్స్, అన్నిటికీ నాణ్యత మార్కులు వేస్తూనే కూర్పునూ సంగీతాన్నీ తూచాలి. అయిదు క్వాడ్‌లు దిగితే ఆ ఉత్సాహం కూర్పు మార్కులోకీ పాకుతుంది. ఇది జడ్జీల నిజాయితీకి సంబంధించిన సంగతి కాదు, మనిషి దృష్టికి ఉన్న పరిమితి.

[దృశ్యం: యుజురు హన్యూ, ట్రిపుల్ యాక్సెల్.]

కష్టమైన జంప్‌లూ కళా కలవవనే వాళ్లకు జపాన్ ఆటగాడు హన్యూను చూపిస్తాను. ఇతరులు యాక్సెల్ కోసం దూరం నుంచి వెనక్కి జారుతూ సిద్ధమవుతారు, ఆ కాసేపు నాట్యం ఆగిపోతుంది. హన్యూ బ్యాక్ కౌంటర్ అనే మలుపులోంచి, సిద్ధమైనట్టే కనిపించకుండా లేస్తాడు. దిగీ దిగగానే ఒంటికాలి మీద మళ్లీ తిరుగుతూ వెళ్లిపోతాడు. ఆ జంప్‌ను కూర్పులోంచి విడదీయలేం. 2015లో నగానోలో మొత్తం 322.40 సాధించి, 300 దాటిన మొదటి స్కేటర్ అయ్యాడు. కాంపోనెంట్ మార్కుకు కొలబద్ద ఇదే కావాలి: జంప్ ఎంత కష్టమైనది అని కాదు, జంప్‌కు ముందూ తర్వాతా ఏం జరిగింది అని.

నేను కోరేది ఒక్క మార్పు. జంప్‌ల నాణ్యత చూసే జడ్జీలు వేరు, కాంపోనెంట్ మార్కులు వేసేవాళ్లు వేరుగా ఉండాలి. రెండో బృందానికి జంప్‌ల విలువలతో పనే ఉండకూడదు.

[తెర మీద: ఒక మార్కుల పత్రం.]

ప్రతి పెద్ద పోటీ తర్వాత ఈ పత్రాన్ని అందరూ చూసేలా విడుదల చేస్తారు. అందులో ఒక్కో జడ్జి వేసిన మార్కు విడిగా ఉంటుంది. ఈసారి పోటీ చూసినప్పుడు, చాలాసార్లు కింద పడిన ఒక స్కేటర్ పేజీ తెరిచి, కింద ఉండే మూడు కాంపోనెంట్ వరుసలను అతని అంతకు ముందటి పోటీ పత్రంతో పోల్చండి. ఆ అంకెలు కదిలాయా లేదా అన్నది కింద రాయండి. తర్వాతి వీడియోలో ఆ పత్రాలనే ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.