ఓడినా సైన్యాన్ని నిలబెట్టుకున్న జార్జ్ వాషింగ్టన్

శ్రోతలకు నమస్కారం.

అమెరికా స్వాతంత్ర్య సంగ్రామానికి సేనాధిపతి అయినా, జార్జ్ వాషింగ్టన్ గెలిచిన పోరాటాలు తక్కువే. ఆయన అసలు బలం సైన్యం చెదిరిపోకుండా చూసుకోవడంలో ఉంది. 1776 ఆగస్టులో లాంగ్ ఐలాండ్‌లో చిత్తుగా ఓడాక, సుమారు 9,000 మందిని ఒక్క రాత్రిలో ఈస్ట్ నది దాటించాడు. తెల్లవారి బ్రిటిష్‌వాళ్లు చూస్తే కందకాలు ఖాళీ! ఎదురుదాడి కంటే ఆ వెనుకడుగే గొప్పదని నా అభిప్రాయం.

డిసెంబరు వచ్చేసరికి పరిస్థితి మరీ దిగజారింది. చాలామంది సిపాయిల కొలువు గడువు 31వ తేదీతో తీరిపోతుంది. ఈలోగా ఏదో ఒక గెలుపు కావాలి. క్రిస్మస్ రాత్రి మూడు దళాలు మూడు చోట్ల డెలావేర్ నది దాటాలి, వాషింగ్టన్ దళం తెల్లవారకముందే శత్రువుల చేతిలో ఉన్న ట్రెంటన్ పట్టణం మీద పడాలి అన్నది పథకం. మంచుపెళ్లలు అడ్డం పడి రెండు దళాల పని చెడింది. ఒక దళం కాల్బలం అవతలికి చేరినా, ఫిరంగులు ఒడ్డెక్కక తిరిగొచ్చేసింది. వాషింగ్టన్ వెంట ఉన్న 2,400 మంది మాత్రం దాటారు. ఇనుము మోసే డర్హమ్ పడవల్లో సిపాయిలు, బల్లకట్ల మీద గుర్రాలు, 18 ఫిరంగులు. మార్బుల్‌హెడ్ అనే రేవు ఊరి జాలర్లు పడవలు నడిపారు, ఫిరంగి దళపతి హెన్రీ నాక్స్ దగ్గరుండి దాటించాడు. అయినా మూడు గంటలు ఆలస్యమైంది. చీకట్లో జరగాల్సిన దాడి ఉదయం ఎనిమిదింటికి మొదలైంది. వడగళ్లవానకు మందు తడిసి తుపాకులెన్నో పేలలేదు. వీధుల మొగలో నిలిపిన ఫిరంగులే పని చేశాయి. బ్రిటన్ తరఫున పోరాడుతున్న జర్మన్ సిపాయిలు దాదాపు 900 మంది పట్టుబడ్డారు.

తుపాకీగుండ్ల కంటే మశూచి ఎక్కువమందిని మింగుతోంది. దాన్ని ఆపాలంటే రోగి పొక్కులోని రసిని ఆరోగ్యవంతుడి చర్మం కింద ఎక్కించి, వారాల తరబడి విడిగా ఉంచాలి. ఆ వారాల్లో శత్రువు దాడి చేస్తే సైన్యం గతేమిటి? అందుకే 1777లో ఆ పని గుట్టుగా మొదలుపెట్టించాడు. పంతొమ్మిదేళ్ల వయసులో బార్బడోస్‌లో ఆ జబ్బు పడి లేచినవాడు కదా!

1781లో న్యూయార్క్ మీదికి వెళ్తున్నట్టు నమ్మించి, దక్షిణాన యార్క్‌టౌన్‌కు నడిచాడు. సముద్రంలో ఫ్రెంచి నౌకలు దారి మూసేశాయి. అక్టోబరు 19న బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ సేన లొంగిపోయింది. ఆ కార్న్‌వాలిసే తర్వాత గవర్నర్ జనరల్‌గా మన దేశానికొచ్చి, 1792లో నిజాం, మరాఠాలతో కలిసి శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్‌ను సంధికి ఒప్పించాడు. కడప సీమ నిజాం చేతికొచ్చింది ఆ సంధితోనే.

యుద్ధం ముగిశాక 1783 డిసెంబరు 23న వాషింగ్టన్ అన్నాపోలిస్‌లో తన నియామక పత్రాన్ని కాంగ్రెస్‌కు తిరిగి అప్పగించి ఇంటికెళ్లాడు. 1789 ఏప్రిల్ 30న న్యూయార్క్‌లో తొలి అధ్యక్షుడిగా ప్రమాణం చేశాడు.