మునగాకు రెమ్మతో సాల్ట్ ప్రింట్: మూడుసార్లు ఎక్కడ చెడింది, నాలుగోసారి ఎలా కుదిరింది

నమస్కారమండీ. ఇదిగో, ఈ కాగితాన్ని కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను, చూడండి. ముదురు గోధుమ రంగు మీద తెల్లగా మునగాకు రెమ్మ. కాడ, కాడకున్న పిల్ల కాడలు, గుండ్రటి ఆకులు విడివిడిగా తెలుస్తున్నాయి కదా? కొసన లేతాకులు పూర్తిగా తెల్లగా లేవు. ఎండ వాటిలోంచి కాస్త దూరింది, అందుకే అక్కడ ఎర్రటి జీర వచ్చింది. నాకు ఈ ప్రింటులో అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే.

దీనికి కెమెరా వాడలేదు. ఉప్పునీళ్లు, సిల్వర్ నైట్రేట్ అనే వెండి లవణం, హైపో (ఎండకి నల్లబడని వెండి లవణాన్ని కరిగించి, బొమ్మని నిలబెట్టే మందు), మా డాబా మీద ఎండ. దీన్ని సాల్ట్ ప్రింట్ అంటారు. కాగితం మీద ఫోటో అన్నది మొదలైందే ఇలా.

1833 అక్టోబరులో ఇటలీలోని కోమో సరస్సు ఒడ్డున హెన్రీ ఫాక్స్ టాల్బాట్ అనే ఇంగ్లండు ఆయన బొమ్మ గీద్దామని కూర్చున్నాడు. చెయ్యి తిరగలేదు. ఈ దృశ్యం దానంతటదే కాగితం మీద అచ్చుపడితే ఎంత బాగుండు అనిపించింది ఆయనకి. మరుసటి ఏడాది ఇంగ్లండులో లేకాక్ అనే ఊళ్లోని తన ఇంట్లో ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఉప్పునీళ్లలో తడిపి ఆరబెట్టిన కాగితానికి సిల్వర్ నైట్రేట్ పూస్తే సిల్వర్ క్లోరైడ్ తయారవుతుంది, ఎండ తగిలితే నల్లబడుతుంది. ఆయన కనిపెట్టిన అసలు కిటుకు ఏమిటంటే, ఉప్పు తక్కువ, వెండి ఎక్కువ ఉండాలి. ఉప్పు ఎక్కువైందా, కాగితం మొద్దుబారిపోతుంది, అంటే ఎండకి సరిగా నల్లబడదు. 1835 ఆగస్టులో ఆ ఇంటి కిటికీనే చిన్న కెమెరాతో కాగితం మీదికి తెచ్చాడు. అందులో సుమారు 200 అద్దపు గళ్లను భూతద్దంతో లెక్కపెట్టవచ్చని పక్కన రాసుకున్నాడు. ఆయన చెక్కపెట్టె కెమెరాలు ఇంట్లో ఎక్కడపడితే అక్కడ ఉండేవి. వాళ్లావిడ వాటిని ఎలుకబోనులు అనేది.

సరే, మన పనికి వద్దాం. లీటరు నీళ్లకి 20 గ్రాముల ఉప్పు. అయొడిన్ కలపని ఉప్పు తీసుకోండి. కాగితం నూలుతో చేసిన వాటర్‌కలర్ కాగితం అయితే మంచిది, పలచనిది నీళ్లలో చిరుగుతుంది. రెండు మూడు నిమిషాలు నాననిచ్చి, బట్టలు ఆరేసినట్టు క్లిప్పుతో ఆరేయాలి. ఆరాక పూత పూసే వైపు వెనకాల పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి, ఏ వైపో తర్వాత తెలియదు.

ఇక సిల్వర్ నైట్రేట్. 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో 12 గ్రాములు. ఇక్కడ మాత్రం నా మాట వినండి. గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా సీసా మూత తియ్యొద్దు. చర్మం మీద పడితే నల్లటి మచ్చ పడి కొన్నాళ్లకి పోతుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పిల్లలున్న ఇంట్లో తాళం వేసి పెట్టాల్సిన వస్తువు ఇది. పూత పూసేటప్పుడు కిటికీలు మూసి, పాతకాలం పసుపు బల్బు ఒకటి వేసుకుంటే చాలు. లోహం తగలని మెత్తటి బ్రష్‌తో ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా పూసి, చీకట్లో ఆరనివ్వాలి.

మొదటిసారి చెట్టు నుంచి అప్పుడే కోసిన రెమ్మని పూత పూసిన కాగితం మీద నేరుగా పెట్టి ఎండలో ఉంచాను. ఆకు తడి కాగితానికి అంటుకుని నల్లటి మరకలు. ఇప్పుడు రాత్రంతా పుస్తకంలో అదిమి, తడి పోయాకే వాడుతున్నాను. రెమ్మకి బదులు ఇంక్‌జెట్‌లో తీసిన నెగెటివ్ షీటు (ఫోటోలో నలుపు తెలుపులు తారుమారు చేసి పారదర్శకమైన షీటు మీద అచ్చువేసినది) వాడినా అంతే. కాగితం పూర్తిగా ఆరకపోతే షీటూ పాడవుతుంది, ప్రింటూ పాడవుతుంది.

రెండోసారి తొందరపడి, ఎండలోంచి తీసినదాన్ని సరిగా కడగకుండా హైపోలో వేశాను. పసుపు రంగు మచ్చలు వచ్చాయి. ముందు పలచని ఉప్పునీళ్లలో కడగాలి. కాగితంలో మిగిలిన వెండి తెల్లగా, పాలలా దిగుతుంది. ఆ తెలుపు ఆగిపోయేదాకా నీళ్లు మారుస్తూ ఉండాలి.

మూడోసారి దెబ్బతిన్నది నా కన్ను. సాల్ట్ ప్రింట్‌లో బొమ్మ ఎండలోనే, మన కళ్లముందే తేలుతుంది. ముందు నీలం ఊదా, తర్వాత వంకాయ రంగు, ఆ తర్వాత చాక్లెట్ రంగు. వంకాయ రంగు దగ్గర ఎంత అందంగా ఉందంటే, ఇక చాలు అని తీసేశాను. హైపోలో వేసిన నిమిషానికి ఆ రంగంతా దిగిపోయి, వెలిసిన ఇటుక రంగు మిగిలింది. చాలా బాధేసింది. నాలుగోసారి పదకొండు గంటల ఎండలో 12 నిమిషాలు ఉంచాను. అయ్యో, మాడిపోతోందేమో అని టెన్షన్ పడుతూనే ఉంచాను. మనకి నచ్చిన దానికంటే రెండు ఛాయలు ముదరాలి. నెగెటివ్‌తో చేసేటప్పుడు కూడా భయపడొద్దు. ముందు నల్లబడిన భాగాలు తమ కింద ఉన్నదానికి తామే నీడ పడతాయి, అందుకని తెల్లటి భాగాల్లో వివరాలు రావడానికి టైమ్ దొరుకుతుంది.

హైపో 10 శాతం, రెండు ట్రేలు, ఒక్కోదానిలో ఐదేసి నిమిషాలు. ఆ తర్వాత గంటసేపు కడగడం. వెండి లవణాలను హైపో కరిగిస్తుందని జాన్ హెర్షెల్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త 1819లోనే గమనించాడు. 1839లో ఆయన చెప్పాకే టాల్బాట్‌కి అది తెలిసింది.

ఈ పద్ధతి మన దగ్గరికీ వచ్చింది. లిన్నేయస్ ట్రైప్ అనే మద్రాసు సైన్యాధికారి 1855లో బర్మా వెళ్లి ఫోటోలు తీశాడు. తిరిగొచ్చి బెంగళూరులో 120 చిత్రాలను 50 సెట్లు వేశాడు, ఉప్పు కాగితం మీదే. అంటే ఆరు వేల ప్రింట్లు. మన అమరావతి శిల్పాలను 1858లో మద్రాసు మ్యూజియంలో ఫోటో తీసింది కూడా ఈయనే. ఒక్క రెమ్మకి నాలుగు కాగితాలు ఖర్చుపెట్టాక, ఆ ఆరు వేల వెనకున్న చాకిరీ నాకు అర్థమైంది.

ఇదిగో, నిన్న సాయంత్రం వేసిన ఐదోది ఇంకా తీగ మీదే ఉంది. మా వంటింటి కిటికీ, ఊచల మధ్య ఎండ. తడిగా ఉన్నప్పుడు ఎర్రగా కనిపించింది, ఆరేకొద్దీ ముదురుతోంది. ఈ కింది మూల ఇంకా చెమ్మగా ఉంది, రంగు తేడా చూడండి.