ఖాళీ పేజీల తర్వాత
(కాలనీ నడక సంఘం ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. నడక ముగించుకొని ఇంటికి వెళ్ళి టిఫిను చేయవలసిన వేళ, నా మాటలు వినడానికి ఈ చలిలో కూర్చున్నారు. ముందుగా మీకు కృతజ్ఞతలు.

కార్యదర్శిగారు నన్ను పిలిచి, "టీచరుగారూ, జనవరిలో ఈ పార్కులో కాలు పెట్టడానికి చోటుండదు, మార్చి వచ్చేసరికి మళ్ళీ పాత మొహాలే మిగులుతాయి. ఎందుకిలా జరుగుతుందో నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను వైద్యురాలిని కాను. 26 ఏళ్ళుగా ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతున్నాను. గడిచిన మూడేళ్ళలో 11 కిలోలు తగ్గాను. వింటే పెద్ద వేగం కాదు. కానీ ఆ మూడేళ్ళలో నేను మానేసిన రోజులు ఎన్నో ఉన్నాయి. ఇవాళ వాటి గురించే మాట్లాడాలని వచ్చాను.

ఇదిగో, ఈ నోటు పుస్తకం చూడండి. మొదటి పేజీలో 82.4 అని ఎర్ర సిరాతో రాసుకున్నాను. పది రోజుల తర్వాత 79.9. అంటే రెండున్నర కిలోలు తగ్గాను. ఆ రోజు ఎంత పొంగిపోయానో చెప్పలేను, పక్కన రెండు గీతలు కూడా గీశాను. మరో ఐదు రోజులకు 81.1. అక్కడితో ఆగిపోయింది. ఆ తర్వాతి పేజీలు తిప్పండి... ఖాళీ, ఖాళీ, ఖాళీ. ఐదు నెలలు నేను బరువు తూచే యంత్రం ఎక్కలేదు, నడవలేదు, ఈ పుస్తకం తెరవలేదు. "నా ఒంటి తత్వమే ఇంత" అనుకున్నాను.

తరగతిలో పిల్లలకు కాలేయం గురించి పాఠం చెబుతూనే, నా విషయంలో మాత్రం ఆ పాఠాన్ని మరిచిపోయాను. మనం తిన్న అన్నం నుంచి వచ్చిన చక్కెరలో కొంత భాగాన్ని శరీరం గ్లైకోజెన్ రూపంలో కాలేయంలోనూ కండరాల్లోనూ దాచుకుంటుంది. మొత్తం కలిపి సుమారు 400 నుంచి 500 గ్రాములు. ఆ గ్లైకోజెన్ ఒంటరిగా ఉండదు, గ్రాముకు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకొని ఉంటుంది. అన్నం హఠాత్తుగా తగ్గించామనుకోండి. నిల్వ కరుగుతుంది, దానితో పాటు నీరూ పోతుంది. నాలుగైదు రోజుల్లో ఒకటిన్నర, రెండు కిలోలు తేలిపోవడం పెద్ద విశేషం కాదు. తర్వాత ఏ పెళ్ళిలోనో పులిహోర, ఆవకాయ అన్నం తృప్తిగా తిన్నాం. గ్లైకోజెన్ నిండింది, ఉప్పు ఇంకొంత నీటిని నిలిపింది, యంత్రం ముల్లు పైకి వెళ్ళింది. మొదట తగ్గిన దానిలో పెద్ద భాగం కొవ్వు కాదు. తర్వాత పెరిగిందీ కొవ్వు కాదు. నీరు వచ్చి, నీరు పోయిందంతే. ఆ నీటిని చూసి పొంగిపోయాను, ఆ నీటిని చూసే ఐదు నెలలు కుంగిపోయాను. ఆడవాళ్ళకు ఇంకో మాట చెప్పాలి. నెలసరికి ముందు రోజుల్లో ఒక కిలో వరకు, కొందరికి ఇంకా ఎక్కువ, నీటి బరువు చేరుతుంది. ఆ వారంలో యంత్రం ఎక్కి కళ్ళనీళ్ళు పెట్టుకోకండి.

మరి కొవ్వు ఎంత వేగంగా తగ్గుతుంది? కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీల శక్తి ఉంటుందని స్థూలమైన లెక్క. మనం రోజూ ఖర్చు చేసే దానికంటే 500 కేలరీలు తక్కువ తింటే వారానికి 3,500. అంటే అర కిలో కూడా కాదు. ఆ 500 తగ్గించడానికి ఉపవాసాలు అక్కర్లేదు. చిన్న చెంచాడు నూనె, అంటే ఐదు గ్రాములు, 45 కేలరీలు. మా ఇంట్లో నలుగురం. నెలకు ఐదు ప్యాకెట్ల నూనె వాడేవాళ్ళం, సీసా వంచి పోయడం మానేసి చెంచాతో కొలవడం మొదలుపెట్టాక మూడున్నరకు వచ్చింది. వంకాయ వేపుడు రుచి తగ్గిందని మావారు రెండు రోజులు అన్నారు, మూడో రోజు మరిచిపోయారు. కానీ అసలు విషయం చూడండి. వారమంతా కష్టపడితే తగ్గేది అర కిలో, నీటి వల్ల రోజుకు రోజు ఊగే తేడా ఒకటి రెండు కిలోలు. పెద్ద అలల మీద చిన్న కాగితపు పడవను వెతకడం లాంటిది. అందుకే నేనిప్పుడు రోజూ ఒకే వేళకు తూచుకొని, వారానికోసారి ఏడు అంకెల సగటు మాత్రమే చూస్తాను. రోజూ అంకె చూస్తే మనసు చెదిరేవాళ్ళు యంత్రాన్ని అటక మీద పెట్టేయండి. ఏమీ నష్టం లేదు.

నష్టం లేదని ఎందుకంత ధైర్యంగా అంటున్నానో చెబుతాను. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ గారి బృందం చేసిన భారతీయ మధుమేహ నివారణ అధ్యయనం 2006లో ప్రచురితమైంది. మధుమేహం అంచున ఉన్న 531 మందిని తీసుకున్నారు. మామూలు సలహాతో సరిపెట్టిన వర్గంలో మూడేళ్ళలో నూటికి 55 మందికి మధుమేహం వచ్చింది. ఆహారం, నడక మార్చుకున్న వర్గంలో నూటికి 39 మందికి. విచిత్రం ఏమిటంటే, ఈ రెండో వర్గంలో సగటు బరువు చెప్పుకోదగ్గంత తగ్గనే లేదు! నడిచారు, తిండి సరిచేసుకున్నారు, యంత్రం ముల్లు కదల్లేదు, అయినా లోపల మేలు జరుగుతూనే ఉంది. ఇది చదివిన రోజు నాకు నా ఐదు నెలలు గుర్తొచ్చి నిజంగా బాధ కలిగింది. ముల్లు కదల్లేదని మానేసిన రోజుల్లో నేను ఎంత పోగొట్టుకున్నానో కదా!

యంత్రం ముల్లుకు బదులు నడుము చుట్టుకొలత చూడండి. మన భారతీయులకు ఆడవారిలో 80 సెంటీమీటర్లు, మగవారిలో 90 దాటితే జాగ్రత్త పడాలంటారు. పొట్ట లోపలి కొవ్వే గుండెకూ, రక్తంలో చక్కెర అదుపుకూ ఎక్కువ చేటు. నా విషయంలో మొదటి శుభవార్త చెప్పింది మా వీధి దర్జీ. పాత కొలత జాకెట్టు ఇచ్చి, అలాగే కుట్టమన్నాను. ఆమె నన్ను ఒకసారి కింది నుంచి పైకి చూసి, టేపు తీసి నడుముకు చుట్టి, "ఈ కొలత మీది కాదమ్మా, రెండంగుళాలు లోపలికి పట్టాలి" అంది. ఆ నెలలో యంత్రం చూపిన తేడా ముప్పావు కిలో!

ఇక మనుషుల మాటలు. మన ఇళ్ళల్లో లావెక్కితే "ఒళ్ళు చేశావే" అంటారు. తగ్గితే "మొహం పీక్కుపోయింది, షుగరు గానీ వచ్చిందా?" అంటారు. కిందటేడు ఒక పెళ్ళిలో మా మేనత్త పదిమంది ముందు ఈ ప్రశ్న అడిగింది. ఆవిడకు నా మీద ఉన్నది ప్రేమే, నాకు తెలుసు. "లేదత్తయ్యా, నడుస్తున్నాను, రేపు పొద్దున నువ్వూ రా" అన్నాను. మరునాడు నిజంగానే వచ్చింది, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకొని, రెండు వీధులు. కానీ వెక్కిరింపు వేరు. పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను, ఒంటిని చూపి నలుగురిలో నవ్వకండి. సిగ్గుతో ఎవరూ సన్నబడరు. సిగ్గుపడ్డ మనిషి ఇంట్లోనే కూర్చుంటుంది, నలుగురూ చూస్తారని పార్కుకు రాదు, రాత్రి వంటింట్లో ఒంటరిగా తింటుంది. నా విద్యార్థినుల్లో ఇది కళ్ళారా చూశాను.

పైగా ఇది ఒక్కరి బలహీనత కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో అధిక బరువు ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది, తెలంగాణలో 30 మంది. దేశ సగటు 24. ఇంతమందికి ఒక్కసారిగా మనోబలం లోపించదు కదా! మూడు పూటలా తెల్లబియ్యం, కూర్చుని చేసే పనులు, చాలని నిద్ర, ఇంటి చాకిరీలో తన కోసం అరగంట మిగలని బతుకులు, కొందరికి థైరాయిడ్, కొందరికి మందుల ప్రభావం. ఇవన్నీ ఉన్నాయి. చక్కెరకు మాత్రలో ఇన్సులినో వాడేవాళ్ళు తిండి తగ్గించే ముందు తప్పకుండా మీ డాక్టరుతో మాట్లాడండి.

మన వాళ్ళను ఆరంభశూరులని మనమే అనుకుంటాం. ఆ మాట నాకు అస్సలు నచ్చదు. ఆరంభించడం చిన్న విషయమా? పుస్తకంలో ఖాళీ పేజీలున్న ప్రతి ఒక్కరూ ఏదో ఒక రోజు ఆరంభించినవారే. తెగిన చోట మళ్ళీ ముడి వేయడం మనకెవరూ నేర్పలేదు, అంతే. లండన్‌లో 96 మందితో చేసిన ఒక పరిశీలన 2010లో ప్రచురితమైంది. కొత్త పని అలవాటుగా మారడానికి సుమారు 66 రోజులు పట్టిందట. కొందరికి 18 రోజులు చాలాయి, కొందరికి 254 పడుతుందని అంచనా. అన్నిటికంటే నాకు నచ్చింది, మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడటానికి చెప్పుకోదగ్గ అడ్డు రాలేదన్నది.

అందుకని రెండో ఏడాది నుంచి ఈ పుస్తకంలో ఒక కొత్త గడి గీశాను. దాని పేరు "తిరిగొచ్చిన రోజులు". ఎన్ని రోజులు మానేశానో కాదు, మానేశాక ఎన్నాళ్ళకు తిరిగి వచ్చానో రాస్తాను. మొదటిసారి ఐదు నెలలు. రెండోసారి, అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఆరు వారాలు. సంక్రాంతికి పుట్టింట్లో అరిసెలు, సకినాలు, బొబ్బట్లు అన్నీ తిన్నాను, సంతోషంగా తిన్నాను, పండుగ పూట అరిసెను నేరంగా చూడటం నాకు చేతకాదు. ఆ తర్వాత తొమ్మిది రోజులకు తిరిగొచ్చాను. మొన్న దసరాకు ఒక్క రోజు. బరువు అంకెలకంటే ఈ గడిలోని అంకెలు చూసినప్పుడే నాకు కడుపు నిండుతుంది. తిరిగి వచ్చే రోజు పెద్ద పని పెట్టుకోను. చెప్పులు వేసుకొని గేటు దాటి, ఆ మలుపు దాకా వెళ్ళి వస్తాను. తప్పిన రోజులకు పరిహారంగా ఉపవాసం చేయను, రెట్టింపు నడవను. ఒకసారి అలా చేసి మోకాలు వాచి, మళ్ళీ పది రోజులు పోగొట్టుకున్నాను.

జనవరిలో చేరి మానేసినవారి ఫోను నంబర్లు సంఘం దగ్గర ఉంటాయి కదా. కార్యదర్శిగారూ, వాళ్ళను పిలిచి ఎందుకు మానేశారని అడగకండి. "రేపు ఆరింటికి గేటు దగ్గర ఉంటాం" అని మాత్రం చెప్పండి.

నా సంచిలో దర్జీ టేపు ఉంది, పది కొత్త నోటు పుస్తకాలు కూడా తెచ్చాను. కొలత చూసుకోవాలనుకునే అక్కచెల్లెళ్ళు అదిగో, ఆ బోగన్‌విల్లా పందిరి వెనక బెంచీ దగ్గరికి రండి. అంకె నేను చదవను, మీరే చూసుకొని మీరే రాసుకోండి.