అమెరికాలో కారు సర్వీసింగ్‌కి ఎంతవుతుంది? లోన్ ఎలా తీరుతుంది? | టెక్సాస్ తెలుగు వ్లాగ్

అందరికీ నమస్తే అండీ. ఈరోజు వ్లాగ్ గ్యారేజ్‌లోంచి. ఇంటి నుంచి ఎవరు ఫోన్ చేసినా కారు గురించి అడిగేవి రెండే: "సర్వీసింగ్‌కి ఎంతవుతుంది?", "లోన్ ఎప్పటికి తీరుతుంది?" పెద్దమ్మ దగ్గర్నుంచి బావగారి తమ్ముడి దాకా అందరిదీ ఇదే. రెండూ ఒకే వీడియోలో చెప్పేస్తా, ఇకమీదట లింక్ పంపిస్తే సరిపోతుంది. లెక్క తేలిగ్గా ఉండడానికి డాలరుకి 90 రూపాయలు అనుకుందాం.

బండి టయోటా రావ్4 హైబ్రిడ్, 2021 మోడల్. హైబ్రిడ్ అంటే పెట్రోల్ ఇంజిన్, కరెంటు మోటారు రెండూ ఉన్నది. డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌లో మనవాళ్ళుండే ఏ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో చూసినా ఇదో, హోండా సీఆర్‌వీనో కనిపిస్తుంది. మన క్రెటా కన్నా ముప్పావు అడుగు పైనే పొడుగు. అయినా ఇక్కడి రోడ్డు మీద పికప్ ట్రక్కుల మధ్య పిల్లకారులాగే ఉంటుంది.

ముందు ఇక్కడి పద్ధతి ఒకటి తెలియాలి. మన దగ్గర సామాను ఖరీదు, చెయ్యి చౌక. ఇక్కడ తిరగబడుతుంది. డీలర్ సర్వీస్ సెంటర్‌లో మెకానిక్ గంట రేటు 150 డాలర్లు దాటుతుంది, అంటే 13,500 రూపాయలు. మన ఊళ్ళో మెకానిక్ టీ తాగుతూ ఊదేసి మళ్ళీ పెట్టే ఏసీ ఫిల్టర్‌కి ఇక్కడ సామాను కంటే చెయ్యి కూలి ఎక్కువ పడుతుంది. అందుకే ఐటీ ఉద్యోగాలు చేసేవాళ్ళు కూడా శనివారం పొద్దున్నే కారు కింద దూరుతుంటారు. "అల్లుడు కారు కిందున్నాడేంటమ్మా?" అని వీడియో కాల్‌లో కంగారు పడకండి. అలవాటే.

సరే, ఆయిల్‌తో మొదలుపెడదాం. ఈ ఇంజిన్‌కి 0డబ్ల్యూ-16 సింథటిక్ ఆయిల్, ఫిల్టర్‌తో కలిపి 4.8 క్వార్టులు, అంటే నాలుగున్నర లీటర్లు. ఐదు క్వార్టుల డబ్బా కొంటే కాస్త మిగులుతుంది. డబ్బా 28 డాలర్లు, టయోటా ఒరిజినల్ ఫిల్టర్ 8, డ్రెయిన్ బోల్టు వాషర్ ఒకటో రెండో డాలర్లు. మొత్తం 38 డాలర్లలోపు, అంటే 3,400 రూపాయలు. డీలర్ దగ్గర ఇదే పని 80 నుంచి 100 డాలర్లు.

హైబ్రిడ్‌లో అన్నిటికన్నా ముందు చేయాల్సింది: కారు పూర్తిగా ఆఫ్ చేసి, తాళం ఇంట్లోకి పంపేయడం. డ్యాష్‌బోర్డ్ మీద రెడీ లైట్ (కారు ఆన్‌లో ఉందనే గుర్తు) వెలిగి ఉంటే బ్యాటరీ తగ్గినప్పుడు ఇంజిన్ దానంతటదే స్టార్ట్ అవుతుంది. మీరు కింద ఉన్నప్పుడు, ఆయిల్ లేనప్పుడు అలా స్టార్ట్ అయితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ర్యాంపుల మీద ముందు చక్రాలు ఎక్కించి, వెనక చక్రాలకి అడ్డం పెట్టి, కింద ప్లాస్టిక్ కవర్ తీయాలి. కొన్ని క్లిప్పులు, కొన్ని 10 ఎం.ఎం. బోల్టులు. క్లిప్పులు పాతబడితే విరుగుతాయి, పది పన్నెండు విడిగా కొని పెట్టుకోండి. డ్రెయిన్ బోల్టుకి 14 ఎం.ఎం. పానా. ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడు తీస్తే మడ్డి బాగా దిగుతుంది. బిగించేటప్పుడు కొత్త వాషర్ వేసి, టార్క్ పానాతో (బిగింపు బలం కొలిచేది) 40 న్యూటన్ మీటర్లు, అంతే. బలం చూపిస్తే ఆయిల్ పాన్ మరలు పోతాయి.

అసలు తిప్పలు ఫిల్టర్ దగ్గర. దీనికి డబ్బాలాంటి ఫిల్టర్ కాదు, మూత లోపల కాగితం ఫిల్టర్ ఉంటుంది. మూత తీయడానికి 64 ఎం.ఎం., 14 పలకల ప్రత్యేకమైన కప్పు పానా కావాలి. మూత మీదే 25 న్యూటన్ మీటర్లు అని అచ్చు పోసి ఉంటుంది. అయినా చాలా చోట్ల ఎయిర్ గన్‌తో బిగించేస్తారు. తర్వాత తీయబోతే పానా జారి పలకలు అరిగిపోతాయి. ఇదిగో, కెమెరా కొంచెం దగ్గరికి తీసుకురండి... ఈ నల్ల రబ్బరు రింగు కనిపిస్తోందా? ఫిల్టర్‌తో పాటు కొత్తది వస్తుంది. పాతది ఊడదీసి, గాడి గుడ్డతో తుడిచి, కొత్తదానికి వేలితో ఆయిల్ రాసి అదే గాడిలో కూర్చోబెట్టాలి. రింగు మర చుట్ల మీదికి ఎక్కిందా, నాలుగు రోజుల్లో గ్యారేజ్ నేల మీద మచ్చలు పడతాయి. పాత ఆయిల్‌ని ఖాళీ డబ్బాలో పోసి ఆటోజోన్ అనే విడిభాగాల షాపుకి తీసుకెళ్తే ఉచితంగా తీసుకుంటారు. డ్రైనేజీలో పోస్తే నేరం.

ఇదంతా గ్యారేజ్ లోపలే ఎందుకంటే, ఇక్కడ కాలనీ సంఘం ఉంటుంది, హెచ్‌ఓఏ అంటారు. గడ్డి ఎంత ఎత్తు పెరగాలో, చెత్త డబ్బా రోడ్డు మీద ఎంతసేపు ఉండాలో కూడా వాళ్ళే చెప్తారు. చాలా హెచ్‌ఓఏల నియమాల్లో ఇంటి ముందు కారు రిపేరు చేయకూడదని ఉంటుంది. చాలా అపార్ట్‌మెంట్ అగ్రిమెంట్లలోనూ అంతే. సొంత ఇల్లు, సొంత కారు, సొంత పానా, అయినా బానెట్ ఎత్తాలంటే షట్టర్ దించుకోవాలి. మా వారికి దీని మీద చాలా కోపం, ఆయన్ని కదిలించకండి.

ఇప్పుడు నిజాయితీగా లెక్క చూద్దాం. టయోటా షెడ్యూల్ ప్రకారం ఈ ఆయిల్ 10,000 మైళ్ళకి లేదా ఏడాదికి ఒకసారి మార్చాలి. అంటే 16,000 కిలోమీటర్లు. ఎముకలు కొరికే చలిలో చిన్న చిన్న దూరాలు తిరిగేవాళ్ళకి, దుమ్ము రోడ్ల వాళ్ళకి, బరువు లాగేవాళ్ళకి 5,000 మైళ్ళు. ఏడాదికోసారి మారిస్తే మిగిలేది 50 డాలర్లు. ర్యాంపులు, కప్పు పానా, టార్క్ పానా, పళ్ళెం కలిపి 130 డాలర్ల దాకా అవుతుంది కదా, అది తిరిగి రావడానికే మూడేళ్ళు. కాబట్టి ఆయిల్ సరదా ఉంటేనే చేయండి. డబ్బు పోయే దారి వేరే ఉంది.

డ్యాష్‌బోర్డ్ మీద ప్రతి 5,000 మైళ్ళకీ మెయింటెనెన్స్ అని మెసేజ్ వస్తుంది. అది టైర్లు ముందువి వెనక్కి మార్చడానికీ, తనిఖీకీ. దాన్ని చూసి డీలర్ దగ్గరికి వెళ్తే కౌంటర్‌లో ఒక చీటీ ఇస్తారు: ఫ్యూయల్ సిస్టం క్లీనింగ్, థ్రాటిల్ క్లీనింగ్, కూలెంట్ ఫ్లష్. మొత్తం కూడితే 500 డాలర్లు ఎక్కడికీ పోదు. 45,000 రూపాయలు! అప్పుడు కంపెనీ ఇచ్చిన మాన్యువల్ తీసి చూడండి. ఇంజిన్ కూలెంట్ మొదటిసారి 1,00,000 మైళ్ళకి, ఇన్వర్టర్ (బ్యాటరీ కరెంటుని మోటారుకి అందించేది) కూలెంట్ 1,50,000కి, స్పార్క్ ప్లగ్గులు 1,20,000కి. కూలెంట్ డబ్బాలు రెండు వేర్వేరుగా ఉంటాయి, ఎవరైనా పైపైన నింపుతుంటే ఏది దేనిదో చూసుకోండి. మాన్యువల్‌లో లేనిదానికి "ఇప్పుడు వద్దండీ" అంటే చాలు, ఎవరూ ఏమనుకోరు. మనకే మొహమాటం.

క్యాబిన్ ఫిల్టర్, అంటే ఇందాక చెప్పిన ఏసీ ఫిల్టర్ మాత్రం ఎవరైనా మార్చుకోవచ్చు. గ్లోవ్ బాక్స్ ఖాళీ చేసి, పక్కనున్న తాడులాంటి డ్యాంపర్ విప్పి, రెండు పక్కలా లోపలికి నొక్కితే కిందికి జారుతుంది. ఫిల్టర్ మీద బాణం ఉంటుంది, అది పైకి ఉండాలి. 15 నుంచి 20 డాలర్లు, ఐదు నిమిషాలు. మార్చిలో టెక్సాస్ ఓక్ చెట్ల పుప్పొడి అంతా దీంట్లోనే ఉంటుంది, తీసి చూస్తే పసుపు రంగు. పిల్లలకి ఎలర్జీ ఉన్నవాళ్ళు ఈ ఒక్కటి వాయిదా వేయకండి.

టైర్లు 5,000 మైళ్ళకోసారి ముందువి వెనక్కి మార్చాలి, నట్లు 103 న్యూటన్ మీటర్లు. కాస్ట్‌కో అనే పెద్ద షాపులో టైర్లు కొంటే ఈ మార్పిడీ, బ్యాలెన్సింగూ, పంక్చరూ ఆ టైర్లున్నంతకాలం ఉచితం. అక్కడ మాత్రం సొంతంగా చేయడంలో అర్థం లేదు.

ఇంకొకటి, ఇది మనవాళ్ళకే చెప్పాలి. వెనక సీటు కింద చూడండి, జాలీలా ఉంది కదా? పెద్ద హైబ్రిడ్ బ్యాటరీ చల్లబడడానికి గాలి పీల్చుకునే దారి అది. లోపల చిన్న ఫిల్టర్ ఉంటుంది. పటేల్ బ్రదర్స్ (ఇండియన్ కిరాణా షాపు) నుంచి వస్తూ సోనామసూరి బస్తా తీసుకొచ్చి సరిగ్గా దాని ముందే ఆనించేస్తాం. గాలి ఆడకపోతే బ్యాటరీ వేడెక్కుతుంది, కారు శక్తి తగ్గించుకుంటుంది, మైలేజీ పడిపోతుంది. బస్తా డిక్కీలో పెట్టండి, ఫిల్టర్‌ని అప్పుడప్పుడు తీసి వాక్యూమ్ పట్టండి. 2020 మోడల్ నుంచి ఆ బ్యాటరీకి 10 ఏళ్ళు లేదా 1,50,000 మైళ్ళ వారంటీ ఉంది. సొంతంగా ఆయిల్ మార్చారనే సాకుతో వారంటీ లేదనడానికి ఇక్కడి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. కానీ రసీదులూ, ఆ రోజు మీటర్ రీడింగ్ ఫోటో దాచుకోండి.

అప్‌గ్రేడ్‌ల గురించి ఎక్కువ చెప్పను. అంచులున్న రబ్బరు మ్యాట్లు కొనండి, సాంబారు ఒలికినా తీసి కడిగేయొచ్చు. పెద్ద చక్రాలు వేయించకండి, అందం కోసం మైలేజీ పోగొట్టుకోవడమే. డ్యాష్‌క్యామ్ తప్పకుండా పెట్టించండి, అయితే పార్కింగ్ రికార్డింగ్ ఆపేసి. ఎందుకంటే అది 12 వోల్టుల చిన్న బ్యాటరీని పీల్చేస్తుంది. అక్కడికే వస్తున్నా.

నెల రోజులు ఇండియా వెళ్ళొచ్చేసరికి కారు చచ్చి ఉండడం ఇక్కడ ప్రతి తెలుగు ఇంట్లోనూ ఉండేదే. పెద్ద బ్యాటరీ బాగానే ఉంటుంది, కంప్యూటర్‌ని లేపే చిన్నది పడుకుంటుంది. అది డిక్కీలో ఉంటుంది, డిక్కీ కరెంటుతో తెరుచుకుంటుంది. చూడండి తమాషా! రిమోట్ లోపల దాగున్న తాళంచెవి తీసి డ్రైవర్ తలుపు తెరవాలి, బానెట్ ఎత్తాలి. ఫ్యూజ్ బాక్స్ మూత కింద జంప్ స్టార్ట్ (వేరే బ్యాటరీ కరెంటుతో లేపడం) కోసం ప్రత్యేకంగా ఒక టెర్మినల్ ఉంది. ఎర్ర వైరు దానికి, నల్ల వైరు రంగు లేని ఇనుప భాగానికి. ఆ టెర్మినల్‌తో మాత్రం ఇంకొకరి కారు స్టార్ట్ చేయకూడదు.

మన ఊళ్ళో అయితే బండి ఆగితే పిలవకుండానే నలుగురు వచ్చి తోసేవాళ్ళు. హైబ్రిడ్‌ని తోసినా స్టార్ట్ కాదు, అది వేరే సంగతి. ఇక్కడ తోసేవాళ్ళూ ఉండరు. పక్కింటాయన్ని కారు రంగుతో గుర్తుపడతాం గానీ పేరు తెలీదు.

అందుకని విమానం ఎక్కేముందే గ్యారేజ్‌లో బ్యాటరీ మెయింటెయినర్ (చార్జ్ తగ్గకుండా చూసే పరికరం) తగిలించి వెళ్ళండి, 40 డాలర్లు ఉంటుంది. లేదంటే మైనస్ వైరు విప్పేసి వెళ్ళండి, ఆ తర్వాత డిక్కీ కరెంటుతో తెరుచుకోదని గుర్తుంచుకుని. స్నేహితులకి తాళం ఇచ్చి వెళ్తే వారానికోసారి గంటసేపు రెడీలో పెట్టమనండి, షట్టర్ పూర్తిగా ఎత్తి ఉంచి. ఇంజిన్ మధ్యలో స్టార్ట్ అవుతుంది, మూసిన గ్యారేజ్‌లో ఆ పొగ ప్రాణాలు తీస్తుంది.

ఇక లోన్. ఉదాహరణకి 30,000 డాలర్లు, 6 శాతం వడ్డీ, 60 నెలలు. నెలకి 580 డాలర్లు, అంటే 52,200 రూపాయలు. మొత్తం వడ్డీ 4,800. అదే 72 నెలలైతే కంతు 497కి తగ్గుతుంది, వడ్డీ 5,800కి పెరుగుతుంది. హెచ్1బీ వాళ్ళకి కొన్ని బ్యాంకులు వీసా గడువు దాటి లోన్ ఇవ్వవు, కాబట్టి కొందరికి ఎంచుకునే వీలు కూడా ఉండదు.

ఇక్కడ వడ్డీ రోజువారీ లెక్క. 30,000 మీద 6 శాతం అంటే మొదట్లో రోజుకి 4.93 డాలర్లు, కారు తిరిగినా తిరగకపోయినా. నెలకి 200 అదనంగా కడితే 60 నెలల లోన్ 43 నెలల్లో తీరుతుంది, దాదాపు 1,400 డాలర్ల వడ్డీ మిగులుతుంది. 1,26,000 రూపాయలు! ఆ డీలర్ చీటీలో వద్దన్నవన్నీ ఇటు మళ్ళిస్తే చాలు.

కానీ ఒక మెలిక ఉంది. వెబ్‌సైట్‌లో మామూలుగా ఎక్కువ కడితే కొన్ని బ్యాంకులు దాన్ని వచ్చే నెల కంతుగా రాసుకుని, ఆ నెల ఆటోపే ఆపేస్తాయి. అప్పుడు మీరు అదనంగా కట్టినట్టే కాదు. ప్రిన్సిపల్ ఓన్లీ (అసలుకే జమ) అనే ఆప్షన్ వెతికి అందులో కట్టండి, వారం తర్వాత స్టేట్‌మెంట్‌లో అసలు తగ్గిందో లేదో, తర్వాతి గడువు తేదీ మారిందో లేదో చూడండి. తేదీ ఇంకో నెలకి జరిగి ఉంటే ఫోన్ చేసి సరిచేయించాలి.

ఇప్పుడు కొనబోయేవాళ్ళకి ఒక మాట. 2025 నుంచి 2028 దాకా కొత్త కారు లోన్ వడ్డీని ఏడాదికి 10,000 డాలర్ల వరకు పన్ను లెక్కలో ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు, అమెరికాలో తయారైన కారైతేనే. వీఐఎన్ (కారు గుర్తింపు) నంబరు మొదటి అక్షరం చూడండి: 1, 4, 5, 7 అయితే అమెరికా, 2 కెనడా, జే అయితే జపాన్. రావ్4లు మూడు చోట్లా తయారయ్యాయి, కాబట్టి షోరూంలో పక్కపక్కనే ఉన్నా ఒకదానికి వస్తుంది, ఇంకోదానికి రాదు. ఒంటరివాళ్ళకి లక్ష డాలర్లు, భార్యాభర్తలకి రెండు లక్షల ఆదాయం దాటితే అది తగ్గుతూ పోతుంది. ఇద్దరూ ఐటీలో ఉంటే పెద్దగా ఆశ పెట్టుకోకండి.

చివరి కంతు కట్టేటప్పుడు స్టేట్‌మెంట్‌లో ఉన్న అంకె కట్టకండి, రోజు వడ్డీ వల్ల ఐదో పదో డాలర్లు మిగిలిపోయి లోన్ మూసుకోదు. పేఆఫ్ కోట్ అడగండి, ఫలానా తేదీ దాకా ఇంత అని ఇస్తారు. అది కట్టాక టెక్సాస్‌లో బ్యాంకు 10 పనిదినాల్లో కారు మీద తన హక్కు వదులుకోవాలి. మనకి ఫారం 35, ఎన్‌ఓసీ పట్టుకుని ఆర్టీఓ ఆఫీసుకి వెళ్ళడం ఎలాగో, ఇక్కడ పేపర్ టైటిల్ (కారు యాజమాన్య పత్రం) ఉంటే, దాన్నీ బ్యాంకు ఇచ్చిన లీన్ రిలీజ్‌నీ (హక్కు వదులుకున్న కాగితం) 130-యూ ఫారంతో కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకి తీసుకెళ్ళాలి. ఫీజు కౌంటీని బట్టి 28 లేదా 33 డాలర్లు. ఆ వారంలోనే ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్ చేసి బ్యాంకు పేరు తీయించండి. కొన్నప్పుడు గ్యాప్ ఇన్సూరెన్సో (కారు పూర్తిగా పోతే ఇన్సూరెన్స్ ఇచ్చేదానికీ మిగిలిన లోన్‌కీ తేడా కట్టేది), ఎక్స్‌టెండెడ్ వారంటీనో అంటగట్టి ఉంటే కాగితాలు తీయండి. లోన్ ముందే తీరితే గ్యాప్‌లో వాడని కాలానికి డబ్బు వెనక్కి రావాలి. ఆ పాలసీ అమ్మిన డీలర్‌కి రాతపూర్వకంగా అడగాలి, అడగకుండా దానంతటది వస్తుందని చూస్తూ కూర్చోకండి.