వాళ్ళు ఎప్పుడో చేరిపోయారు! ‘పాండోరమ్’ని కాపీ అన్నవాళ్ళకి నా జవాబు

పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటాం కదా. ఆ సామెతకి 3 కోట్ల 30 లక్షల డాలర్లు ఖర్చుపెట్టి, అంతరిక్షంలో ఒక హారర్ సినిమా తీస్తే ఎలా ఉంటుంది? 2009లో తీశారండి. పేరు ‘పాండోరమ్’. ప్రపంచమంతా కలిపి 2 కోట్ల డాలర్ల పైచిలుకు వచ్చింది, అంతే. పెట్టింది కూడా తిరిగి రాలేదు.

మొన్నటి వీడియోలో దీని పేరు ఇలా ఎత్తానో లేదో, కామెంట్లలో ఒకటే గోల. "ఏలియన్‌కి కాపీ", "ఈవెంట్ హొరైజన్‌కి చవక వెర్షన్". రెండూ దీనికంటే ముందొచ్చిన అంతరిక్ష హారర్ సినిమాలే. నిజమే, ఈవెంట్ హొరైజన్ తీసిన పాల్ ఆండర్సన్ దీనికి నిర్మాతల్లో ఒకడు. అయితే ఏంటి? దర్శకుడు క్రిస్టియన్ ఆల్వార్ట్ అనే జర్మన్. చీకటి ఓడ, పాకే జీవులు, పరిగెత్తే మనుషులు కనిపిస్తే చాలు, కాపీ అని స్టాంపు వేసేస్తారా?

నా మాట ఒక్కటే. ఇది రాక్షసుల సినిమా కాదు. మరుపు సినిమా. రాక్షసులు మన చూపు పక్కకి లాగడానికి ఉన్నారు.

ఇక్కడినుంచి అన్నీ స్పాయిలర్లే. ఇన్నేళ్ళయ్యాక కూడా చూడనివాళ్ళు వెళ్ళి చూసి రండి, నేనిక్కడే ఉంటా.

కథ రెండు ముక్కల్లో. 2174లో ఎలీసియం అనే ఓడ 60 వేల మందిని ఎక్కించుకుని టానిస్ అనే గ్రహానికి బయల్దేరింది. అందరూ గాజు గొట్టాల్లో నిద్ర. బవర్ అనే ఇంజనీర్‌కి మెలకువ వచ్చింది. బెన్ ఫోస్టర్ చేశాడు ఆ పాత్ర, చేశాడంటే మామూలుగా కాదు. ఆ మొదటి సీన్ గుర్తు తెచ్చుకోండి. కటిక చీకటి. ఒంటికి గొట్టాలు. చేతిలోంచి ఒక గొట్టం లాగుతుంటే వస్తూనే ఉంటుంది. ఒంటిమీద పొరలు పొరలుగా చర్మం ఊడిపోతుంటుంది, పాము కుబుసం విడిచినట్టు. మాట రాదు. తానెవడో తెలీదు. ఒక్క రాక్షసుడు లేడు ఆ సీన్‌లో! సినిమా మొత్తంలో నాకు ఊపిరాడనిది మాత్రం అదే, దాని తర్వాత వాడు సందులో కేబుళ్ళ మధ్య ఇరుక్కునే సీన్.

ఇప్పుడు లెక్క చూడండి. బవర్ తన భార్య ఈ ఓడలోనే ఉందనుకుంటాడు, ఆమె కోసమే ప్రాణాలకి తెగిస్తాడు. చివరికి గుర్తొస్తుంది: బయల్దేరక ముందే ఆమె వాణ్ణి వదిలేసింది. అది ఒక మరుపు. రెండోది పేటన్, అంటే డెన్నిస్ క్వెయిడ్. రేడియోలో బవర్‌కి దారి చెప్తూ కూర్చునే పెద్దాయన. ఆయన అసలు పేటనే కాదు! తోటివాళ్ళని చంపిన గాలో అనే అధికారి వీడే. నిద్రలో వయసు మీదపడి, లేచి, ఇంకొకడి పేరు తనదనుకుని బతుకుతున్నాడు. ఆ గదిలో ఆయనతో వాదించే కుర్ర గాలో ఎవరు మరి? ఆయన గతమే, ఎదురుగా కూర్చుని గుర్తుచేస్తోంది. హత్య చేసినవాడికి హత్యే గుర్తులేదు. ఇంతకంటే భయం ఏం కావాలండీ?

మూడోది ఆ జీవులు. ఎక్కడినుంచో వచ్చినవి కావు, ఓడలోని ప్రయాణికుల సంతానమే. కొత్త గ్రహానికి ఒళ్ళు త్వరగా అలవాటు పడాలని అందరికీ ఒక ఎంజైమ్ ఎక్కించారు. మందు బాగానే పనిచేసింది, కాకపోతే వాళ్ళు గ్రహానికి బదులు ఓడకి అలవాటు పడ్డారు. తరాలు గడిచేసరికి తాము మనుషులమన్న సంగతే లేదు. ఓడలో బవర్‌కి తోడైన మాన్ పాత్ర గుర్తుందా? కంగ్ లీ, నిజంగానే రింగులో పోరాడిన ఫైటర్. ఆ జీవుల్లో పెద్దవాణ్ణి కొట్టి పడేస్తాడు, ఎదురుగా ఒక పిల్లవాడు వస్తాడు. ఆ జీవుల పిల్లాడే. కత్తి ఎత్తినవాడు ఆగిపోతాడు. వాడిలో మనిషి కనిపించాడు. పిల్లాడికి మాత్రం మాన్‌లో మాంసమే కనిపించింది. గొంతు కోసేశాడు. దీన్ని యాక్షన్ సీన్ అని రాసినవాళ్ళున్నారు, నమస్కారం.

ఇక నాలుగోది. ఓడ ఎక్కడుంది? బయట నక్షత్రాల్లేవు, అంతా నలుపు. అంతరిక్షంలో దారి తప్పామనుకుంటారు. అప్పుడు అద్దం అవతల ఏదో మెరుస్తూ ఈదుకుంటూ పోతుంది. ఈదుకుంటూ! వాళ్ళున్నది సముద్రం అడుగున. టానిస్ సముద్రం. బయల్దేరి 923 ఏళ్ళయింది, అందులో 800 ఏళ్ళు అక్కడే మునిగి ఉన్నారు. ఏ నేల కోసం ఇంతమంది ఒకళ్ళనొకళ్ళు పీక్కు తిన్నారో, ఆ నేల మీదే ఉన్నారు. చేరామన్న సంగతి ఓడకే గుర్తులేదు. మనిషికి, హంతకుడికి, జాతికి, ఓడకి, నలుగురికీ ఒకటే జబ్బు. ఇది కాపీనా? ఏలియన్‌లో ఇది ఎక్కడుందో ఎవరైనా చూపించండి, ఈ వీడియో తీసేస్తా.

చిన్న పక్కదారి. సినిమా మొదట్లో వచ్చే అక్షరాల్లో కెప్లర్ టెలిస్కోప్ ప్రస్తావన ఉంటుంది. అది కల్పన కాదు. భూమిలాంటి గ్రహాల కోసం నాసా దాన్ని పంపింది 2009 మార్చిలో, సినిమా వచ్చిన ఏడాదే. 2018లో దాని పని ముగిసేనాటికి 2,600కి పైగా గ్రహాలు దాని ఖాతాలో పడ్డాయి. అది వెతకడం మొదలుపెట్టిన నెలల్లోనే, వెతికి చేరుకున్నా గుర్తుపట్టలేని జనం గురించి సినిమా. టైమింగ్ చూడండి!

తప్పుల్లేవని నేననను. ఫైట్లు చూడలేం. కెమెరా ఊగిపోతుంది, ఎవరి చెయ్యి ఎవరి మీద పడిందో తెలీదు. ఎడిటర్‌కి ఏం తొందరో నాకు అర్థం కాదు. పోస్టర్లు, ట్రైలర్లు కూడా దాన్ని రాక్షసుల సినిమాలాగే అమ్ముకున్నాయి. జనం రాక్షసుల కోసం వచ్చారు, నిరాశపడ్డారు. దానికి తోడు అదే ఏడాది డిస్ట్రిక్ట్ 9, అవతార్. దీన్ని పట్టించుకునేదెవరు?

ఇంకొక్కటి. ఎవరూ మాట్లాడనిది. సినిమా మధ్యలో ఈడెన్ అనే మరో ఓడ కథ చెప్తారు, గుర్తుందా? పిచ్చెక్కిన అధికారి నిద్రలో ఉన్న 5 వేల మందిని బయటికి విసిరేసి చంపేశాడని. ఆ పిచ్చి పేరే పాండోరమ్. చేతులు వణకడం, ముక్కులోంచి రక్తం, అనుమానం. ఇప్పుడు క్లైమాక్స్‌కి రండి. గొడవలో అద్దం పగిలి నీళ్ళు లోపలికి వచ్చేస్తాయి, ఓడ తనంతట తానే నిద్రలో ఉన్నవాళ్ళందర్నీ బయటికి విసిరేస్తుంది. అదే పని! అక్కడ విసిరితే చచ్చారు, ఇక్కడ విసిరితే బతికారు. గాజు పెట్టెలు ఒక్కొక్కటీ బుడగల్లా నీటి పైకి తేలుతుంటాయి. అవతల ఆకాశం, కొండలు. తెర మీద బతికినవాళ్ళ లెక్క పడుతుంది: 1,213.

ఈసారి చూసేటప్పుడు రాక్షసుల్ని వదిలేసి పేటన్ చేతుల మీద కన్నేయండి. మొదటినుంచీ.