విండోస్ ఎక్స్‌పీ రిపేర్‌కి పాత సీడీ పెట్టకండి, ముందు దాన్ని తిరగ అచ్చు వేయండి

ఎక్స్‌పీ మొరాయించగానే చాలామంది 2001 నాటి సీడీ వెతికి తీసి డ్రైవ్‌లో పెట్టేస్తారు. "విండోసే కదా, ఏ సీడీ అయితే ఏంటి?" అంటారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఒక పుస్తకం అనుకోండి. మొదటి ముద్రణ 2001. తర్వాత తప్పొప్పుల పట్టికలు వచ్చాయి: 2002లో సర్వీస్ ప్యాక్ 1, 2004లో 2, 2008లో 3. మీ హార్డ్ డిస్క్‌లో ఉన్నది అలా దిద్దుకుంటూ వచ్చిన ప్రతి. అందులో నాలుగు పేజీలు చిరిగాయని మొదటి ముద్రణలోంచి చించి అతికిస్తే ఎక్కడి కథ అక్కడే తెగిపోతుంది.

పైగా ఆ మొదటి ముద్రణకి 137 జీబీ దాటిన డిస్కుల సంగతే తెలియదు. ఆ తెలివి సర్వీస్ ప్యాక్ 1తోనే వచ్చింది. పెద్ద డిస్క్ మీద ఆ సీడీతో పనిచేస్తే డేటాకే ముప్పు.

[స్క్రీన్ మీద: కమాండ్ ప్రాంప్ట్]

విండోస్ ఫైళ్లు చెడాయేమో చూసే కమాండ్ కొడుతున్నాను: ఎస్ఎఫ్‌సీ, స్పేస్, స్లాష్ స్కాన్‌నౌ. చూశారా, సర్వీస్ ప్యాక్ 3 సీడీ పెట్టమంటోంది. కంప్యూటరే నోరు తెరిచి అడుగుతోంది!

కొందరు సర్వీస్ ప్యాక్ ఫైల్‌ని కూడా అదే సీడీలోకి కాపీ చేసి రైట్ చేస్తారు. అది పట్టికని పుస్తకం మధ్యలో దోపి ఇవ్వడమే. సెటప్ దాన్ని తెరిచి కూడా చూడదు. దిద్దుబాట్లు పేజీల్లోకే ఎక్కాలి, అంటే తిరగ అచ్చు వేయాలి. దీన్నే స్లిప్‌స్ట్రీమింగ్ అంటారు.

సీడీ మొత్తాన్ని సీ డ్రైవ్‌లో ఎక్స్‌పీసీడీ అనే ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. కమాండ్ ప్రాంప్ట్‌లో సర్వీస్ ప్యాక్ 3 పూర్తి ఫైల్ పేరు కొట్టి, పక్కనే స్లాష్ ఇంటిగ్రేట్ కోలన్, ఆపైన ఫోల్డర్ దారి. ఎంటర్. సెటప్ ఫైళ్లుండే ఐ386 ఫోల్డర్‌లో పాత ఫైళ్ల చోట కొత్తవి కూర్చుంటాయి. మీది సర్వీస్ ప్యాక్ లేని సీడీ అయినా పనిచేస్తుంది. నాకు ఇందులో బాగా నచ్చేది అదే.

టైమ్ అయిపోతోంది, మిగతాది త్వరగా చెప్తాను. ఫోల్డర్‌ని ఉన్నదున్నట్టు రైట్ చేస్తే సీడీ బూట్ అవ్వదు, అంటే కంప్యూటర్ దాన్నుంచి మొదలవ్వదు. అలా మొదలుపెట్టించే భాగం, పాత సీడీ బూట్ సెక్టర్ కూడా కావాలి. ఎన్‌లైట్ అనే టూల్ ఆ పని చేసి ఐఎస్ఓ, అంటే సీడీ అంతా ఒకే ఫైల్‌గా, చేతికిస్తుంది. దాన్ని సీడీగా రైట్ చేసే ముందు వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటర్‌లోనే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్‌లో, బూట్ చేసి చూసుకోండి.

రిపేర్ చేసేటప్పుడు మొదటి స్క్రీన్‌లో ఆర్ నొక్కకండి, అది రికవరీ కన్సోల్ అనే కమాండ్లు కొట్టే చోటికి తీసుకెళ్తుంది. ఎంటర్ కొట్టి, ఎఫ్8తో లైసెన్స్ ఒప్పుకున్నాక, పాత విండోస్‌ని చూపించే స్క్రీన్‌లో నొక్కాలి ఆర్. ప్రొడక్ట్ కీ దగ్గర పెట్టుకోండి. సర్వీస్ ప్యాక్ 3 తర్వాతి అప్‌డేట్లు రిపేర్‌లో వెనక్కి పోతాయి. వాటిని ముందే పెన్‌డ్రైవ్‌లో దింపి ఉంచుకుని, మళ్లీ వేశాకే నెట్ కేబుల్ తగిలించండి.