మోగట్లేదని పాత బీడు దాగలి వదిలేస్తున్నరా? కొనేముందు ఇవి చూస్కోండి

అందరికీ నమస్తే. ఈ వీడియో మొత్తం ఒక్కదాని మీదనే, పాత పోత దాగలి, అంటే వేడి ఇనుము పెట్టి సుత్తితోని కొట్టే పోత దిమ్మ, కాస్ట్ అన్విల్, సెకండ్ హ్యాండ్‌ల దొరికితే కొనాల్నా వద్దా ఎట్ల తేల్చుకోవాలె అని. ఈ మధ్య కత్తులు చేసుడు నేర్చుకునే తమ్ముళ్ళు చాలామంది అడుగుతున్నరు, హైదరాబాద్ రాణిగంజ్‌ల ఒకటి చూసినం అన్నా, జుమ్మెరాత్ బజార్ల ఒకటి చూసినం, సుత్తితోని కొడితే ఖంగుమని మోగలేదు, బీడుదే అని వదిలేసి వచ్చినం అని. ఆ మాట వింటే నాకు మస్తు బాధైతది, ఎందుకంటే మోగలేదు అన్న ఒక్క కారణానికి మంచి మంచి దాగళ్ళు తుక్కు కింద కరిగిపోతున్నయి.

అసలు పోత అన్నంత మాత్రాన అన్నీ ఒకటే కాదు. పైనుంచి కింద దాకా ఉత్త బీడుతో, అంటే కాస్ట్ ఐరన్‌తో పోసినవి ఉంటయి, కొత్తగా రంగేసి తక్కువ రేటుకి అమ్మేటివి ఎక్కువ ఇవే, వీటి మీద వేడి ఇనుము పెట్టి సమ్మెట వేస్తే కొన్ని రోజులకే ముఖం, అదే పైన కొట్టే సాపు భాగం, గుంటలు పడతది, అంచులు రాలతయి. ఇంకొన్ని ఒళ్ళు బీడుదే కానీ ముఖం మీద గట్టి స్టీల్ ప్లేట్ ఉంటది, అసలు కథంతా వీటిదే. ఇంకా మొత్తం స్టీల్‌తోనే పోసినవి, స్వీడన్‌ల కోల్స్వా, సోడర్‌ఫోర్స్ అని పాత పేర్లున్నయి చూడండి, అవి. అవి చెవులు చిల్లులు పడేటట్టు మోగుతయి, మంచివే, కానీ గట్టిదనం ఎక్కువయ్యి అంచులు పెచ్చులు లేచినయి చాలా కనబడతయి.

ఇప్పుడు ఆ రెండో రకం సంగతి. అమెరికాల న్యూజెర్సీలో ట్రెంటన్ అనే ఊర్లో ఫిషర్ అండ్ నారిస్ అని కంపెనీ ఉండె, మార్క్ ఫిషర్ 1847లో పేటెంట్ తీసుకున్నడు, పోత పోసేటప్పుడే స్టీల్ ముఖం బీడు ఒంటికి అతుక్కునేటట్టు చేసే పద్ధతి అది. పక్కన గద్ద బొమ్మ ఉబ్బెత్తుగా ఉంటది, ముందు పాదం మీద బరువు అంకె ఉంటది, 10 అంటే 100 పౌండ్లు, మన లెక్కల 45 కిలోలు. ఆ ఫిషర్ దాగలి మీద కొడితే టక్కుమంటది, అంతే, మోత అనేదే ఉండదు. ఎందుకంటే బీడులో కార్బన్ దగ్గర దగ్గర 3 శాతం ఉంటది, అది గ్రాఫైట్ రేకులు రేకులుగా లోపల పరుచుకోని ఉంటది, ఆ రేకులే అదురుని మింగేస్తయి. దెబ్బకి ఎదురు నిలిచేది మాత్రం పైన ఉన్న స్టీల్. అందుకే మోత లేదు అంటే పనికిరాదు అని కాదు, పైగా మన కాలనీల్లో గోడకి గోడ ఆనుకుని ఇళ్ళుంటయి, పొద్దున పూట పని మొదలుపెట్టాలంటే ఇట్లాంటిదే కావాలె నన్నడిగితే. ఇల్లినాయిస్‌ల పోసిన వల్కన్ దాగళ్ళు కూడా ఇదే తీరు, సుత్తి పట్టుకున్న చెయ్యి బొమ్మ ఉంటది, కాకపోతే వాటి ప్లేట్ పల్చగుంటది, కాబట్టి ఎంత మిగిలిందో ఇంకా జాగ్రత్తగా చూడాలె.

మరి ఎట్ల తెలుస్తది? జేబులో ఒక బేరింగ్ గోలీ వేసుకోని పోండి, ఇంచు సైజుది చాలు, ఒక స్టీల్ స్కేల్ కూడా. దాగలిని గట్టి నేల మీద పెట్టించండి, ముఖం మీద తుప్పు, రంగు ఉంటే గీకెయ్యండి, లేకుంటే అబద్ధం చెప్తది. స్కేల్ నిలబెట్టి 10 ఇంచుల ఎత్తు నుంచి గోలీ వదలండి, తొయ్యొద్దు, ఊరికే వదలాలె. 8 ఇంచుల దాకా తిరిగి లేచిందా, చేతిల పైసలుంటే ఆలోచించకండి. 7 వచ్చినా బాగానే ఉంది. ఉత్త బీడుదైతే సగం ఎత్తు రావడమే కష్టం. ఒక్కచోట వదిలి అయిపోయింది అనుకోవద్దు, ముఖం పొడుగునా జాగా జాగాకి వదులుకుంటూ పోండి, అన్నిచోట్ల 8 వచ్చి నడుమల ఒక్కచోట 4 వచ్చింది అనుకోండి, అక్కడ కింద ప్లేట్ ఒంటిని వదిలేసి ఉండొచ్చు. అదే జాగాలో చిన్న సుత్తితోని మెల్లగ తట్టండి, బుర్రుమని పగిలిన చప్పుడొస్తే ఇంక డౌట్ లేదు, దండం పెట్టి వచ్చెయ్యండి. వెనక చిల్లుల దగ్గర కొంచెం తక్కువ లేస్తది, అక్కడ కింద మందం తక్కువ కాబట్టి, దానికి భయపడొద్దు. ముందుకి మొనదేలి ఉండే కొమ్ముకి, ముఖానికి మధ్యల ఉన్న మెట్టు మీద గోలీ అసలు వెయ్యొద్దు, అది కావాలనే మెత్తగ ఉంచుతరు, ఉలి పెట్టి ఇనుము నరికేటందుకు.

గోలీ లేకుంటే సన్న ఆకురాయి. ముఖం మీద జారిపోతే పదును, అంటే కాల్చి చల్లార్చి తెచ్చిన గట్టిదనం, ఉన్నట్టు, పట్టుకోని కొరికితే మెత్తబడ్డట్టు. ప్లేట్ మందంగానే ఉంది, అయినా ముఖం మొత్తం గోలీ లేవట్లేదు, ఆకురాయి కొరుకుతుంది అంటే ఎప్పుడో ఏ అగ్నిప్రమాదంలనో కాలి పదును పోయి ఉంటది, దాన్ని మళ్ళా పదును పెట్టడం ఇంటి కొలిమితోని అయ్యే పని కాదు. షాపాయన ఒప్పుకుంటే అడుగు భాగంల గ్రైండర్ ఒక్కసారి ఆనించండి, బీడైతే రవ్వలు పొట్టిగా ఎర్రగా వచ్చి ఆగిపోతయి, స్టీల్ అయితే పొడుగ్గా తెల్లగా పోతయి.

అయితే ఇంతకన్నా ముఖ్యమైన మాట, దయచేసి వినండి. పాత దాగలి ముఖాన్ని మిల్లింగ్ చేయించకండి, గ్రైండింగ్ పట్టించకండి. కొన్నంక ఫస్ట్ అందరూ చేసేది ఇదే, ముఖం కొంచెం కుంగింది కదా అని బాలానగర్‌ల ఏదో మెషిన్ షాప్‌కి తీస్కపోయి అద్దం లాగా చేయించుకోని వస్తరు. ఫిషర్ లాంటి దాని మీద ప్లేట్ కొత్తగున్నప్పుడే అటుఇటు అర ఇంచు, దాంట్లో వందేళ్ళ పని ఇప్పటికే కొంత తిన్నది, పైగా పాత పోతల్లో అడుగు, ముఖం సమానంగా ఉండవు, మెషిన్ మీద అడుగు ఆనించి కోస్తే ఒక పక్క ఎక్కువ పోతది, ఆ పక్కన బీడు బయటపడితే ఇంక ఆ దాగలి కథ అయిపోయినట్టే. ముఖం కొంచెం కుంగి ఉంటే నష్టమేం లేదు, వంకర పట్టీ సాపు చేసేటప్పుడు ఆ గుంటే ఉపయోగపడతది, ఎందుకంటే ఇనుము కొంచెం ఎక్కువ వంగితేనే తిరిగొచ్చి నిటారుగా నిలబడతది. అంచులు రాలినయా, రాలిన జాగాని గుండ్రంగా అరగదీసి, బాగున్న 3, 4 ఇంచుల అంచు మీద పని చేస్కోండి. పదునైన అంచు మీద కొడితే ఇనుములో మడత పడి అక్కడే చీలతది, గుండ్రటి అంచే మేలు. కళ్ళద్దాలు మాత్రం మర్చిపోవద్దు, గట్టి అంచుకి సుత్తి తగిలితే పెచ్చు ఎటెగురుతదో చెప్పలేం.

ఇంకోటి, మన దగ్గర ఇంగ్లాండ్ దాగళ్ళు కూడా కనబడతయి, లాలాగూడ రైల్వే వర్క్‌షాప్ 1893 నుంచి ఉన్న ఊరు మరి. పక్కన 1 2 10 అని మూడు అంకెలు కొట్టి ఉంటే అది బరువు, పాత ఇంగ్లాండ్ తూకం లెక్క, మొదటిది 112తోని, రెండోది 28తోని గుణించి మూడోది కలపండి, 178 పౌండ్లు, దాదాపు 81 కిలోలు. పీటర్ రైట్ లాంటి ఇంగ్లాండ్ కంపెనీలవి పోత కాదు, సాగగొట్టి చేసినవి, అవి మోగాలె. అవి బొంగురుగా పలికితే పగులు ఉందేమో అని వెతకండి.

ఏదీ దొరకలేదా, ఉత్త బీడు కొత్తది కొనేకంటే జీడిమెట్ల తుక్కు షాపుల్లో బరువైన స్టీల్ షాఫ్ట్ ముక్క చూడండి, లేకుంటే రైలు పట్టా ముక్క, పడుకోబెట్టి కాదు, నిలబెట్టి వాడండి, అప్పుడు దెబ్బ కింద బరువంతా ఉంటది. కానీ పట్టా ముక్కకి బిల్లు తప్పకుండా తీస్కోండి, రైల్వే సొత్తు అక్రమంగా దగ్గర పెట్టుకుంటే 1966 చట్టం కింద కేసు అయితది, బిల్లు ఇయ్యను అన్న షాపుల ముక్క ఎంత బాగున్నా ముట్టుకోకండి.